స్వరశిల్పి మోజార్ట్

నేటి ఆస్ట్రియా దేశంలో, ఆల్ప్స్ పర్వతాల చెంత సాల్జ్‌బర్గ్ అనే అందమైన పట్టణం ఉంది. 1756 జనవరి 27న ఆ పట్టణంలో వోల్ఫ్‌గాంగ్ అమదేయస్ మోజార్ట్ జన్మించాడు. తండ్రి లియోపోల్డ్ అక్కడి ఆర్చిబిషప్ కొలువులో వయొలిన్ విద్వాంసుడు. తల్లి పేరు అన్నా మరియా. అక్క సంగీత పాఠాలు నేర్చుకుంటుంటే, మూడేళ్ల మోజార్ట్ వాద్యం దగ్గర చేరి మెట్లు నొక్కుతూ ఇంపైన స్వరాలు వెతికేవాడు. ఐదేళ్లకే చిన్న చిన్న రచనలు చేశాడు.

పిల్లల ప్రతిభను లోకానికి చాటాలని తండ్రి వారిని దేశదేశాలు తిప్పాడు. 1762లో వియన్నాలో మహారాణి మరియా థెరీసా ఎదుట మోజార్ట్ వాద్యం వాయించి మెప్పు పొందాడు. ఎనిమిదేళ్ల వయసులో లండన్‌లో ఉండగా తన మొదటి సింఫనీని రచించాడు.

బాలమేధావి పెరిగి పెద్దవాడయ్యాడు. చిన్ననాడు ముద్దు చేసిన ప్రభువులు ఇప్పుడు ఉద్యోగం ఇవ్వడానికి ముందుకు రాలేదు. 1778లో కొలువు వెతుక్కుంటూ తల్లితో పారిస్ వెళ్లాడు. అక్కడ తల్లి జబ్బుపడి మరణించింది. అప్పుడు మోజార్ట్ వయసు 22 ఏళ్లు. ఆ కబురు ఒక్కసారిగా తెలిస్తే తండ్రి తట్టుకోలేడని భయపడ్డాడు. తల్లికి జబ్బుగా ఉందని మాత్రమే తండ్రికి రాశాడు. అసలు సంగతి కుటుంబ మిత్రుడొకరికి తెలిపి, తండ్రి మనసును మెల్లగా సిద్ధం చేయమని కోరాడు. గుండె పగిలే దుఃఖంలోనూ మాటను అదుపులో ఉంచుకోవడం అతనికి తెలుసు.

సాల్జ్‌బర్గ్ కొలువులో విద్వాంసులకు తగిన గౌరవం ఉండేది కాదు. ఆర్చిబిషప్ పిలుపుపై వియన్నా వెళ్లినప్పుడు మోజార్ట్ సేవకుల వరుసలో కూర్చుని భోజనం చేయవలసి వచ్చింది. 1781లో అతడు ఆ కొలువు వదిలి వియన్నాలో స్థిరపడ్డాడు. తండ్రికి ఇది నచ్చలేదు. నెల జీతం లేదు. శిష్యులకు పాఠాలు చెబుతూ, కచేరీలు చేస్తూ బతకాలి. మరుసటి ఏడు కాన్‌స్టాంజ్‌ను పెళ్లి చేసుకున్నాడు.

ఈ కచేరీల కోసమే మోజార్ట్ పియానో కన్‌చెర్టోలు ఎక్కువగా రచించాడు. కన్‌చెర్టో అంటే ఒక వాద్యం ప్రధానంగా నిలిచి, పెద్ద వాద్యబృందంతో సంవాదం చేసే రచన. అందులో సాధారణంగా మూడు భాగాలుంటాయి. మొదటిది, చివరిది వేగంగా నడుస్తాయి. నడిమిది నెమ్మదిగా సాగుతుంది. 1784 నుండి 1786 వరకు మూడేళ్లలో మోజార్ట్ ఇటువంటివి 12 రచించాడు.

వాటిలో ఒకటి 1786 మార్చి 2న పూర్తయినట్లు తన రచనల పట్టికలో రాసుకున్నాడు. అది ఎ మేజర్ శ్రుతిలోని కన్‌చెర్టో. మొదటి భాగం ప్రసన్నంగా సాగుతుంది. రెండవ భాగం రాగానే వెలుగు తగ్గి సంధ్యవేళ అయినట్లుంటుంది.

ఈ మార్పుకు శ్రుతి ఒక కారణం. రెండవ భాగం ఎఫ్ షార్ప్ మైనర్‌లో ఉంది. మోజార్ట్ ఒక పూర్తి భాగాన్ని ఈ శ్రుతిలో నడపడం ఇక్కడ మాత్రమే కనిపిస్తుంది. శంకరాభరణం స్వరాలనే తీసుకొని, ధైవతాన్ని షడ్జంగా భావించి పాడితే నటభైరవి వినిపిస్తుంది. ఎ మేజర్‌కు, ఎఫ్ షార్ప్ మైనర్‌కు ఉన్న సంబంధం కూడా అటువంటిదే. స్వరాలు అవే. ఆధారం మారగానే ఉల్లాసం విషాదమవుతుంది.

రెండవ కారణం నడక. మోజార్ట్ దీనికి అడాజియో అని గుర్తు పెట్టాడు. అంటే బాగా విలంబం. కన్‌చెర్టోల నడిమి భాగాలకు అతడు తరచుగా ఇంతకన్నా చురుకైన నడకనే ఎంచుకునేవాడు. మూడేసి మాత్రలుగా ఊగే సిసిలీ ద్వీపపు నాట్యలయ ఇందులో ఉంది. ఆ ఊపు జోలపాటలా మొదలై నిట్టూర్పులా మారుతుంది.

ముందు పియానో ఒంటరిగా పలుకుతుంది. తరువాతే బృందం అందుకుంటుంది. నడుమ ఫ్లూటు, క్లారినెట్లు ఎ మేజర్‌లోకి మళ్లి కాసేపు ఓదార్చుతాయి. మళ్లీ విషాదం కమ్ముకుంటుంది. చివర్లో వయొలిన్ వంటి తంత్రీవాద్యాల వారు కమాను పక్కన పెట్టి తీగెలను వేళ్లతో మీటుతారు. వాటి మీద పియానో దూరదూరంగా ఒక్కొక్క స్వరమే పలుకుతుంది. ఆనాటి పియానోలో మోగిన స్వరం త్వరగా ఆరిపోయేది. అందుచేత స్వరాల మధ్య నిశ్శబ్దం కూడా సంగీతంలో భాగమైంది. ఎక్కడా ఆర్భాటం లేకుండా ఆ భాగం మెల్లగా ముగుస్తుంది. వెంటనే మూడవ భాగం గంతులేస్తూ వస్తుంది.

ఆ రోజులలోనే మోజార్ట్ ఫిగారో పెళ్లి అనే హాస్య సంగీత నాటకాన్ని కూడా రచిస్తున్నాడు. అది 1786 మే 1న వియన్నాలో ప్రదర్శితమైంది. ఒకే చేయి ఒకే కాలంలో నవ్వునూ కన్నీటినీ పలికించింది. మోజార్ట్ తన దుఃఖాన్ని పాటగా చెప్పుకోలేదు. వినేవారు తమ దుఃఖాన్ని గుర్తించుకొనేటంత చోటు అందులో ఉంచాడు.

తరువాతి కాలంలో మోజార్ట్‌కు కచేరీల రాబడి తగ్గింది. అప్పులు పెరిగాయి. పుట్టిన ఆరుగురు బిడ్డలలో ఇద్దరే బతికారు. అయినా కలం ఆగలేదు. 1791 డిసెంబరు 5న, 35 ఏళ్ల వయసులో, మృతుల శాంతికై పాడే రెక్వియం అనే రచన పూర్తి కాకుండానే మోజార్ట్ కన్నుమూశాడు. సెయింట్ మార్క్స్ శ్మశానంలో అతని సమాధి సరిగ్గా ఎక్కడ ఉందో గుర్తు మిగలలేదు.

1862లో ఒక పండితుడు మోజార్ట్ రచనల పట్టికను ప్రకటించి, 626 సంఖ్యలు వేశాడు. అందులో 488వది ఈ కన్‌చెర్టో. సమాధి గుర్తు చెదిరినా సంగీతం చెదరలేదు. ఆ నెమ్మది స్వరాలు వినిపించిన చోట, రెండు శతాబ్దాలు దాటినా, శ్రోతలు ఇంకా మౌనంగా చెవి ఒగ్గుతూనే ఉన్నారు.