ఆంట్వాన్ డెపాజ్

ఆంట్వాన్ డెపాజ్ (నవంబర్ 28, 1862 - జూన్ 10, 1925) బెల్జియం దేశానికి చెందిన సుప్రసిద్ధ శస్త్రవైద్యుడు. మలినమైన గాయమును వెంటనే కుట్టక, శుభ్రపరచి, కొన్ని దినములు తెరచి ఉంచి, సూక్ష్మజీవులు తగ్గిన పిదప మూసే పద్ధతిని మొదటి ప్రపంచయుద్ధ కాలములో తన ఆసుపత్రిలో క్రమబద్ధముగా అమలుపరచినవాడు.

తొలి జీవితము

డెపాజ్ బ్రస్సెల్స్ నగర సమీపములో జన్మించాడు. బ్రస్సెల్స్ స్వేచ్ఛా విశ్వవిద్యాలయములో వైద్యవిద్య అభ్యసించి, తరువాత అక్కడే ఆచార్యుడైనాడు. 1902లో అంతర్జాతీయ శస్త్రవైద్య సంఘము ఏర్పడుటకు కారకులలో ఇతడు ముఖ్యుడు. 1907లో బ్రస్సెల్స్‌లో నర్సుల శిక్షణ పాఠశాలను స్థాపించి, దాని నిర్వహణను ఆంగ్ల వనిత ఎడిత్ కావెల్‌కు అప్పగించాడు. భార్య మేరీ ఈ కృషిలో ఇతనికి తోడుగా నిలిచినది. బెల్జియంలో స్కౌటు ఉద్యమానికి కూడా ఇతడు ఆద్యులలో ఒకడు.

యుద్ధకాలము

1914లో జర్మను సేనలు బెల్జియంలో అధిక భాగమును ఆక్రమించాయి. ఆ సంవత్సరము డిసెంబరులో, రాణి ఎలిజబెత్ ప్రోత్సాహముతో, సముద్రతీరములోని లా పాన్ పట్టణములో ఓషన్ అనే హోటలును డెపాజ్ రెడ్‌క్రాస్ ఆసుపత్రిగా మార్చాడు. దీనికి విరాళములు సేకరించుటకు మేరీ అమెరికా వెళ్ళినది. తిరుగు ప్రయాణములో ఆమె ఎక్కిన లూసిటేనియా నౌకను 1915 మే 7న జర్మను జలాంతర్గామి ముంచివేయగా ఆమె మరణించినది. అదే సంవత్సరము అక్టోబరు 12న ఎడిత్ కావెల్‌ను జర్మనులు కాల్చిచంపారు. ఇంత జరిగినా డెపాజ్ ఆసుపత్రిని విడువలేదు.

గాయముల చికిత్స

ఫ్లాండర్స్ యుద్ధభూమి పశువుల ఎరువు వేసిన పొలముల నేల. తూటాలతో పాటు ఆ మట్టి, దుస్తుల పీలికలు కండరములోనికి చొచ్చుకొనిపోయేవి. పై చర్మమును వెంటనే కుట్టినచో, గాలి సోకని లోతులో సూక్ష్మజీవులు పెరిగి గ్యాస్ గాంగ్రీన్ కలిగేది. అప్పుడు కాలో చేయో తొలగించవలసి వచ్చేది; పలువురికి ప్రాణమే పోయేది.

అందుచేత డెపాజ్ చచ్చిన కండరమును, అన్యపదార్థములను కోసి తీసివేసి గాయమును తెరచి ఉంచేవాడు. అలెక్సిస్ కారెల్, హెన్రీ డేకిన్ రూపొందించిన క్రిమిసంహారక ద్రవముతో దానిని తడిపేవారు. గాయపు స్రావమును సూక్ష్మదర్శినితో పరీక్షించి సూక్ష్మజీవులను లెక్కించేవారు. ఆ సంఖ్య బాగా తగ్గిన తరువాతనే కుట్లు వేసేవారు. ఈ విధముగా కుట్టు వేయు సమయమును వైద్యుని ఊహకు విడువక, పరీక్షతో నిర్ణయించుట ఇతని పద్ధతిలోని విశేషము.

నేటి వైద్యములో

డెపాజ్ అనుభవము ప్రధానముగా యుద్ధ గాయములకు సంబంధించినది. అయితే ఇదే సూత్రము తరువాత ఉదర శస్త్రచికిత్సలోనికి కూడా వచ్చినది. ప్రేగుకు రంధ్రము పడినప్పుడు, లేదా అపెండిక్స్ పగిలినప్పుడు చేసే అత్యవసర శస్త్రచికిత్సలో కోత మలినమవుతుంది. ప్రేగులు బయటకు రాకుండా ఉదరపు గోడలోని గట్టి పొరను సాధారణముగా వెంటనే కుడతారు. చర్మమును, దాని క్రింది కొవ్వును మాత్రము కొందరు వైద్యులు తెరచి ఉంచి, చీము లేదని నిర్ధారించుకొని నాలుగైదు దినములకు మూస్తారు. దీనివలన చీము పట్టుట తగ్గునా అను విషయములో పరిశోధనల ఫలితములు ఏకరీతిగా లేవు. పైగా ఆలస్యము వలన రోజూ కట్టు మార్చే బాధ, ఆసుపత్రి వాసము పెరగవచ్చు. కనుక రోగి స్థితిని బట్టి వైద్యుడే నిర్ణయిస్తాడు.

మరణము

యుద్ధానంతరము బ్రస్సెల్స్‌కు తిరిగివచ్చిన డెపాజ్ 1925 జూన్ 10న హేగ్ నగరములో మరణించాడు. బ్రస్సెల్స్‌లోని ఉకెల్ ప్రాంతములో ఎడిత్ కావెల్, మేరీ డెపాజ్‌ల స్మారకము ఉన్నది.