బీదరు బయలులో గొలుసు పరచిన లాంబ్టన్

జహీరాబాదు నుంచి బీదరు గంట ప్రయాణం. దారి పొడుగునా ఎర్రనేల, చెరకు తోటలు. బీదరు చేరినవారు కోట చూస్తారు, మహమూద్ గవాన్ కట్టించిన మదరసా చూస్తారు, బహమనీ సుల్తానుల సమాధుల వద్ద ఫాతిహా చదువుకుని తిరిగి వస్తారు. కాని 1815లో ఈ బీదరు బయళ్లలోనే ఒక ముసలి సిపాయి ఉక్కు గొలుసు పరచి నేలను అంగుళాల లెక్కన కొలిచాడని మనలో ఎందరికి తెలుసు? ఆయన పేరు విలియం లాంబ్టన్. పిల్లలు సాంఘిక శాస్త్రం పుస్తకంలో చూసే భారతదేశ పటానికి పునాది వేసినవారిలో ఆయనే మొదటివాడు.

లాంబ్టన్ ఇంగ్లండులోని యార్క్‌షైర్‌లో బీద కుటుంబంలో పుట్టాడు. పుట్టిన సంవత్సరం 1753 అని ఎక్కువమంది రాస్తారు. లెక్కలలో చురుకు. సైన్యంలో చేరిన ఏడాదే, అంటే 1781లో, అమెరికాలో బందీ అయ్యాడు. విడుదలయ్యాక కెనడా వైపు అడవుల్లో భూములు కొలిచే పని దొరికింది. సూర్యగ్రహణాన్ని చూస్తూ ఒక కంటి చూపు పోగొట్టుకున్నాడు. మిగిలిన ఒక్క కంటితోనే జీవితమంతా దూరదర్శినిలోకి చూశాడు.

ఆయన మన దేశానికి వచ్చేనాటికి వయసు నలభై దాటింది. 1799లో టిప్పు సుల్తాను మీద జరిగిన యుద్ధంలో ఉన్నాడు. ఒక రాత్రి నక్షత్రాలను చూసి, తమ దండు ఉత్తరానికి బదులు దక్షిణాన శత్రువుల వైపే నడుస్తోందని కనిపెట్టాడు. యుద్ధం ముగిశాక సర్కారు ముందు ఒక కోరిక పెట్టాడు. తీరం నుంచి తీరానికి, కొన నుంచి పైకి ఈ ద్వీపకల్పాన్ని తప్పులేకుండా కొలుస్తానన్నాడు. 1800లో అనుమతి వచ్చింది.

ఇక్కడ కొలత పద్ధతి కొంచెం తెలుసుకోవాలి. దేశమంతా గొలుసుతో కొలవడం ఎవరి తరమూ కాదు. మధ్యలో నదులు, అడవులు, గుట్టలు ఉంటాయి. అందుకే చదునైన చోట ఒక్క గీతను మాత్రం ఎంతో జాగ్రత్తగా కొలుస్తారు. దాన్ని ఆధార రేఖ అంటారు. ఆ గీత రెండు కొసల నుంచి దూరాన ఉన్న ఒక గుట్టను చూసి కోణాలు తీస్తారు. ఒక భుజం, రెండు కోణాలు తెలిస్తే మిగిలిన రెండు భుజాలూ లెక్కలోనే తేలతాయి, కాలు కదపనక్కరలేదు. ఆ భుజం మీద ఇంకొక త్రిభుజం, దాని మీద మరొకటి. ఇలా త్రిభుజాల వరుస దేశం మీద అల్లుకుంటూ పోతుంది. ఏ ఊరు భూమధ్యరేఖకు ఎంత ఉత్తరాన ఉందో చెప్పేది అక్షాంశం, తూర్పు పడమరల్లో ఎక్కడుందో చెప్పేది రేఖాంశం. అక్షాంశం చుక్కలను చూసి తెలుసుకుంటారు.

మన పాఠకులకు ఈ విద్య పరాయిది కాదు. తొమ్మిదో శతాబ్దంలో ఖలీఫా మామూన్ పంపిన పండితులు సింజార్ మైదానంలో ఉత్తర దక్షిణాలుగా నడిచి ఒక డిగ్రీకి ఎంత దూరమో కొలిచారు. పదకొండో శతాబ్దంలో అల్ బిరూనీ పంజాబులోని నందనా కోట దగ్గర ఒక కొండ ఎత్తును బట్టి భూమి వ్యాసార్ధం లెక్కకట్టాడు. ఊళ్ల అక్షాంశ రేఖాంశాలు తెలియనిదే ఖిబ్లా దిక్కు సరిగా తేలదు. జహీరాబాదులో మనం నిలబడేది సరిగ్గా పడమరకు కాదు, కొద్దిగా ఉత్తరం వైపు మొగ్గి.

లాంబ్టన్ 1802 ఏప్రిల్‌లో మద్రాసు సెయింట్ థామస్ మౌంట్ దగ్గర మొదలుపెట్టాడు. వంద అడుగుల ఉక్కు గొలుసును సుమారు 400 సార్లు పరచి ఏడున్నర మైళ్ల గీతను కొలవడానికి 57 రోజులు పట్టింది. ఎండకు ఉక్కు సాగుతుంది కనుక వేడిని కూడా లెక్కలోకి తీసుకున్నాడు. కోణాలు తీసే థియోడలైట్ అర టన్ను బరువు. ఇంగ్లండు నుంచి అది వస్తున్న ఓడను ఫ్రెంచివారు పట్టుకుని మారిషస్ తీసుకుపోయారు. సంగతి తెలిశాక ఫ్రెంచి గవర్నరు దాన్ని మర్యాదగా మద్రాసుకు తిప్పి పంపాడు. యుద్ధం నడుస్తున్న రోజుల్లో ఇలాంటి పెద్దమనసు అరుదు.

మద్రాసు నుంచి మంగుళూరు దాకా త్రిభుజాలు పూర్తయ్యేసరికి పాత పటాల తప్పు బయటపడింది. అక్కడ ద్వీపకల్పం వెడల్పు అంతకుముందు అనుకున్న 400 మైళ్లు కాదు, 360 మైళ్లే. దేశానికి నలభై మైళ్లు తగ్గిపోయాయి! 1808లో తంజావూరు గుడి మీదికి ఎక్కిస్తుండగా తాడు తెగి థియోడలైట్ దెబ్బతిన్నది. మరొకడైతే పని మానుకునేవాడు. లాంబ్టన్ ఆరువారాలు గుడారంలో కూచుని, వంగిన చక్రాన్ని రవ్వంత రవ్వంత సాగదీసి తానే బాగుచేసుకున్నాడు.

1811లో గుత్తి దగ్గర ఒక ఆధార రేఖ, 1815లో బీదరు దగ్గర మరొకటి. కన్యాకుమారి సమీపంలోని పున్నె నుంచి నారాయణఖేడ్ వైపున ఉన్న దామర్‌గిద్ద దాకా సుమారు 1,100 కిలోమీటర్ల గీత తయారయింది. దామర్‌గిద్ద అక్షాంశం 18 డిగ్రీల 3 నిమిషాలు. గుత్తి నుంచి అక్కడికి పోయిన త్రిభుజాల వరుస మన జహీరాబాదు ప్రాంతాన్ని దాటే పోయింది. భూమి ధ్రువాల దగ్గర ఎంత మేరకు నొక్కుకుపోయింది అన్న ప్రశ్నకు ఆనాటి ఐరోపా పండితులు ఈ నేల మీది కొలతల్లో జవాబు వెతుక్కున్నారు. 1817లో లండన్ రాయల్ సొసైటీ ఆయనను సభ్యునిగా ఎన్నుకుంది.

ఇదంతా విని లాంబ్టన్‌ను మహాత్ముణ్ణి చేయనక్కరలేదు. ఆయన కంపెనీ కొలువులో ఉన్నవాడు. పటం చేతిలో ఉన్నవాడికి దండును ఎటు నడపాలో, పన్ను ఎంత వేయాలో సులువుగా తెలుస్తుంది. ఊళ్లవారు అనుమానించారంటే తప్పు వారిది కాదు. గుట్ట మీద దూరదర్శిని పెట్టినప్పుడు అది జనానాలోకి చూస్తుందని, ఆడవారిని తలకిందులుగా చూపుతుందని భయపడ్డారట. ఆ దూరదర్శినిలో బొమ్మ నిజంగానే తలకిందులుగా కనబడేది.

అదే కాలంలో ఇంకొక దొర ఇంకొక రకం పని చేశాడు. కాలిన్ మెకంజీ. ఆయన మనుషులు ఊరూరా తిరిగి చెరువులు, పంటలు, కులాలు, ఇనాములు, మసీదులు, గుళ్లు, పాత కథలు రాసుకొచ్చారు. ముందు నడిచినవారు కావలి సోదరులు, తెలుగువారు. ఆ రాతలను కైఫియత్తులన్నారు. ఈ మాట మన ఇళ్లలోదే, స్థితిగతులు అని అర్థం. ఊరు ఎక్కడుందో లాంబ్టన్ చెప్పాడు. ఆ ఊళ్లో ఎవరున్నారు, ఎట్లా బతుకుతున్నారు అన్నది కైఫియత్తు చెప్పింది. మానవ భూగోళశాస్త్రం అని కాలేజీల్లో చెప్పేది ఈ రెండోదే. నైజాం కాలపు పాత దస్తావేజు ఇంట్లో ఉంటే తీసి చూడండి. నక్షా, మౌజా, రఖబా, హుదూదె అర్బా, అంటే పటం, గ్రామం, వైశాల్యం, నాలుగు హద్దులు, ఈ మాటలన్నీ అందులో ఉంటాయి. తాతగారికి వచ్చిన ఈ శాస్త్రాన్ని మనవడు కొత్తగా బట్టీపట్టి నేర్చుకుంటున్నాడు.

1818లో సర్వేకు గొప్ప పేరు పెట్టి గవర్నరు జనరలు కిందికి తెచ్చారు. జార్జి ఎవరెస్టు అనే యువకుడు సహాయకుడిగా హైదరాబాదు వచ్చాడు. హిమాలయ శిఖరానికి తర్వాత 1865లో ఈయన పేరే పెట్టారు. లాంబ్టన్ అతన్ని కృష్ణా గోదావరుల నడుమ అడవుల్లోకి పంపాడు. 1819లో వానలకు ఆ దళమంతా విషజ్వరాన పడింది. హైదరాబాదు నుంచి ఏనుగులు, డోలీలు పంపి వారిని మోసుకురావలసి వచ్చింది. పదిహేనుమంది చనిపోయారు. జెండాలు పట్టినవారు, గుట్టలెక్కి దీపాలు పెట్టినవారు, గొలుసు లాగిన ఖలాసీలు. ఎవరెస్టు పేరు ప్రపంచమంతా తెలుసు. ఆ పదిహేనుగురి పేర్లు ఏ పుస్తకంలోనూ నాకు కనబడలేదు.

వారిలో ఒకరి పేరైనా మిగిలింది అనుకుంటే అది సయ్యద్ మీర్ మొహసిన్ హుస్సేన్‌ది. ఆర్కాటు మనిషి. మద్రాసులో ఒక నగల దుకాణంలో పనిచేస్తుండగా సర్వే అధికారి ఒకరు ఆయన చేతి నేర్పు చూసి కలకత్తా తీసుకుపోయాడు. ఇంగ్లండు పనివాళ్లు చేయాల్సిన కొలత పరికరాలను ఈయన విప్పి బాగుచేశాడు. లాంబ్టన్ పోయాక ఎవరెస్టు చేసిన కొలతలకు ఆయన పరికరాలే ఆధారం. చివరకు సర్కారు పరికరాల కార్ఖానాకు పెద్ద అయ్యాడు.

లాంబ్టన్ చివరిదాకా గుడారం వదలలేదు. డెబ్బై ఏళ్ల వయసులో, దగ్గుతో, క్షయతో, హైదరాబాదు నుంచి నాగపూరుకు బయలుదేరి 1823 జనవరి 20న దారిలో హింగణ్‌ఘాట్ వద్ద కన్నుమూశాడు. అప్పటికి ఆయన త్రిభుజాలు 1,65,000 చదరపు మైళ్లను కప్పాయి. సమాధి అక్కడే ఉంది, మహారాష్ట్రలో. గీతను హిమాలయాల దాకా తీసుకుపోయినవాడు ఎవరెస్టు.

1841లో బీదరు ఆధార రేఖను కొత్త పరికరాలతో మళ్లీ కొలిచారు. వందల మైళ్ల దూరం నుంచి త్రిభుజాల మీదుగా లెక్కకట్టిన పొడవుకు, నేల మీద కొలిచిన పొడవుకు వచ్చిన తేడా కొన్ని అంగుళాలే.