గుర్రం జాషువా

గుర్రం జాషువా (సెప్టెంబరు 28, 1895 - జూలై 24, 1971) ప్రముఖ తెలుగు కవి. ఖండకావ్యాలలో కరుణను, వ్యంగ్యాన్ని కలిపి, కుల వివక్షపై కలం ఎత్తినవాడు. నవయుగ కవి చక్రవర్తిగా ప్రసిద్ధుడు.

బాల్యం

జాషువా నేటి పల్నాడు జిల్లా వినుకొండ ప్రాంతంలో వీరయ్య, లింగమ్మ దంపతులకు జన్మించాడు. అప్పట్లో వినుకొండ కృష్ణా జిల్లాలో ఉండేది. తండ్రి యాదవ, తల్లి మాదిగ; ఇద్దరూ క్రైస్తవ మతం స్వీకరించినవారు. బడిలో చేరిన నాటినుండే అంటరానితనం చేదు తెలిసింది. ఎవరైనా దూషిస్తే ఊరుకోక ఎదురు సమాధానం చెప్పేవాడు. తరువాతి కాలంలో కవిగా పేరు పొందిన దీపాల పిచ్చయ్యశాస్త్రి బాల్యమిత్రుడు. జూపూడి హనుమచ్ఛాస్త్రి వద్ద మేఘసందేశం మొదలైన సంస్కృత కావ్యాలు చదివాడు. 

ఉద్యోగాలు

1910లో మేరీతో వివాహం జరిగింది. మిషనరీ పాఠశాలలో నెలకు మూడు రూపాయల జీతంపై పనిచేసి, ఆ ఉద్యోగం పోవడంతో రాజమండ్రి చేరాడు. అక్కడ 1915-16లలో మూకీ సినిమాలు ఆడుతుండగా కథను, సంభాషణలను బిగ్గరగా చదివి వినిపించే వాచకుడుగా పనిచేశాడు. తరువాత గుంటూరులో లూథరన్ సంఘం వారి ఉపాధ్యాయ శిక్షణాలయంలో పదేళ్ళు, 1928 నుండి 1942 వరకు ప్రభుత్వ పాఠశాలలో తెలుగు పండితుడుగా, 1957-59 మధ్య మద్రాసు రేడియో కేంద్రంలో పనిచేశాడు.

రచనలలో కరుణ, వ్యంగ్యం

జాషువా కీర్తికి మూలం గబ్బిలం (1941). కాళిదాసు యక్షుడు ప్రియురాలికి మేఘంతో సందేశం పంపగా, ఇక్కడ ఆకలితో ఉన్న అంటరానివాడు తన గుడిసెలోకి వచ్చిన గబ్బిలాన్ని శివుని వద్దకు దూతగా పంపుతాడు. అపశకునమని లోకం చీదరించుకునే ఆ జీవికి గర్భగుడిలో వేలాడే స్వేచ్ఛ ఉంది, మనిషికి గడప దాటే హక్కు లేదు. ఈ ఊహ మొదట నవ్వు తెప్పిస్తుంది. ఆ నవ్వు మరుక్షణమే గొంతులో ఆగిపోతుంది. దారిపొడవునా తెలుగునేల చరిత్రను గబ్బిలానికి గర్వంగా పరిచయం చేసేవాడు కూడా ఆ గుడిసెవాడే కావడం గమనించదగినది.

ఫిరదౌసి (1932)లో కవి పొందిన నష్టమే వస్తువు. మాట ఇచ్చిన బంగారు నాణేలకు బదులు వెండి నాణేలు పంపిన గజనీ మహమ్మదు కథ ఇది. రాజాదరణ కోసం తిరిగిన కవులందరికీ ఇది తగులుతుంది. కాందిశీకుడు (1945)లో యుద్ధకాలంలో బర్మా నుండి పారిపోయి వస్తున్న మనిషి ఒక పుర్రెతో మాట్లాడతాడు. గాంధీ హత్యానంతరం బాపూజీ (1948) రచించాడు.

ఆయన శ్మశానవాటి పద్యాల ప్రయాణం విచిత్రమైనది. మరణం ముందు కులధనాలు సమానమేనని చెప్పే ఈ పద్యాలను రంగస్థల నటులు హరిశ్చంద్ర నాటకంలోని కాటిసీనులో చేర్చుకున్నారు. బలిజేపల్లి లక్ష్మీకాంతం రాసిన ఆ నాటకంలో అవి మొదట లేవు. కవి పేరు తెలియని పల్లెటూళ్ళలో సైతం ప్రేక్షకులు వాటిని వన్స్‌మోర్ కొట్టి మళ్ళీ మళ్ళీ పాడించుకున్నారు. ఒకప్పుడు వినుకొండ అవధాన సభలో పద్యాలు చదివినందుకే, ఇతన్ని లోనికి ఎందుకు రానిచ్చారని కొందరు అవమానించిన కవి ఇతడే.

గౌరవాలు, చివరి రోజులు

తిరుపతి వేంకట కవులలో ఒకరైన చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి స్వయంగా జాషువా కాలికి గండపెండేరం తొడిగాడు. 1964లో శాసనమండలి సభ్యుడుగా నియమితుడయ్యాడు. అదే ఏడు క్రీస్తుచరిత్ర కావ్యానికి కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి లభించింది. 1970లో ఆంధ్ర విశ్వవిద్యాలయం కళాప్రపూర్ణతోను, భారత ప్రభుత్వం పద్మభూషణ్‌తోను సత్కరించాయి. తన జీవితాన్ని నా కథ పేరుతో పద్యాలలోనే చెప్పుకున్నాడు.

1971 జూలై 24న గుంటూరులో మరణించాడు. సంఘసేవకురాలు హేమలతా లవణం (1932-2008) ఆయన కుమార్తె; గోరా కుమారుడు లవణం అల్లుడు.