కాలాపానీలో ఒక పౌరుడు: డాక్టర్ దీవాన్ సింగ్ జీవితం

అండమాన్ నికోబార్ దీవుల ప్రజలు తమ లోక్‌సభ సభ్యుణ్ణి తామే ఓటు వేసి ఎన్నుకొన్నది మొదటిసారిగా 1967లో. అంతకు మునుపు మూడు లోక్‌సభలలోనూ వారి ప్రతినిధిని రాష్ట్రపతి నామినేట్ చేసేవారు. స్వతంత్ర భారతంలోనే స్థితి ఇట్లా ఉంటే, 1858 నుండి శిక్షా స్థావరంగా సాగిన బ్రిటిష్ కాలపు అండమాన్‌లో పౌరుడు అన్న మాటకు అర్థమే లేదు. ఖైదీ, శిక్ష ముగించుకొని ఇక్కడే స్థిరపడినవాడు, వారి సంతానం, వారికి కాపలా ఉన్న పోలీసు, అందరి మీదా అధికారం చేసే దొర. సమాజమంటే అంతే. అడవులలోని ఆదివాసులను ఆ సర్కారు మనుషుల లెక్కలోనే సరిగా చేర్చలేదు. ఓటు లేదు, ప్రజాసభ లేదు. అటువంటి చోట ఒక సామాన్యుడు నలుగురి మేలు కోసం ఏమి చేయగలడు? ఈ ప్రశ్నకు సిద్ధాంతం కంటె ఒక జీవితమే మంచి సమాధానమని భావించి, డాక్టర్ దీవాన్ సింగ్ చరిత్రను ఇక్కడ రాస్తున్నాను.

ఆయన బౌద్ధుడు కాదు, సిక్కు. మన సంచికలో ఆయనకు చోటేమిటని ఎవరైనా అడుగవచ్చు. బుద్ధుని మార్గంలోకి మనలను నడిపించిన బాబాసాహెబ్, ఆ మార్గంలోకి రావడానికి ఎంతో ముందే మహద్ చెరువు నీటి కోసం నడిచారు. పౌరహక్కు మనకు పరాయి విషయం ఎన్నడూ కాదు.

దీవాన్ సింగ్ 1897లో, నేడు పాకిస్తాన్‌లో ఉన్న సియాల్‌కోట్ జిల్లాలోని ఒక పల్లెలో జన్మించారు. చిన్ననాడే తల్లిదండ్రులు పోయారు. బంధువుల నీడలో పెరిగి, చదువుకొని, ఆగ్రాలో వైద్యవిద్య అభ్యసించి సైన్యపు వైద్యశాఖలో చేరారు. సర్కారు జీతం తింటున్నా ఆయన మనసు సర్కారు వైపు లేదు. సహాయ నిరాకరణోద్యమ కాలంలో సిమ్లా కొండల దరి డగ్షాయ్ కంటోన్మెంటులో పని చేస్తూ, ఉద్యమానికి అనుకూలంగా బహిరంగంగా మాట్లాడారు. దానిపై విచారణ జరిగింది. ఉద్యోగం నిలిచింది గాని, అధికారుల అనుమానం ఆయనను విడువలేదు. బదిలీ మీద బదిలీ జరిగి, రంగూన్ మీదుగా 1927లో పోర్ట్ బ్లెయిర్ చేరారు. నచ్చనివారిని దూరపు దీవికి పంపడం ఆనాటి ప్రభుత్వానికి అలవాటే. ఖైదీకి అది శిక్ష, ఉద్యోగికి బదిలీ. అంతవరకే తేడా. ఆయన మాత్రం ఆ దీవి పేరునే తన కలం పేరుకు చేర్చుకొన్నారు. పంజాబీ సాహిత్యంలో ఆయన దీవాన్ సింగ్ కాలేపానీ.

ఆ 1927వ సంవత్సరాన్ని మనం మరొక కారణంగా గుర్తుంచుకొంటాం. ఆ ఏడు మార్చి 20న మహద్‌లో అంబేద్కర్ నాయకత్వాన వేలాదిమంది చవదార్ చెరువు నీటిని తాకారు. ఆ చెరువును అందరికీ తెరవాలని మహద్ పురపాలక సంఘం అంతకు మూడేళ్ల క్రితమే, 1924లో, తీర్మానం చేసింది. తీర్మానం కాగితం మీద ఉండిపోయింది. నడిచి వెళ్లి నీరు ముట్టుకొనేవారు వచ్చేదాకా ఆ హక్కు చెరువుగట్టు దాటి లోపలికి దిగలేదు. పోర్ట్ బ్లెయిర్‌లో దిగిన డాక్టరుకు అటువంటి కాగితపు తీర్మానం కూడా ఆధారంగా లేదు.

ఆయన మొదట చేసింది తన వృత్తినే. చికిత్సకు వచ్చినవారి కులమతాలు ఆయన చూడలేదు. ఆ రోజులలో అండమాన్ జనంలో బర్మా కరెన్లు, 1921 నాటి తిరుగుబాటులో శిక్షపడిన మలబారు మాపిళ్లలు, ఉత్తర భారతం నుండి తెచ్చి నిలిపిన భాంతులు, పంజాబీ పోలీసులు, బెంగాలీ గుమస్తాలు, తమిళులు, తెలుగువారు ఉండేవారు. ఒకరి భాష ఒకరికి రాదు. ఇటువంటి జనం కలిసి కూర్చొనే చోటు ఏదీ లేదని డాక్టరు గమనించారు. పోలీసు సిబ్బందికి వారి గురుద్వారా ఉండేది. సాధారణ ప్రజలందరికీ తలుపు తెరిచి ఉండే మరొక గురుద్వారా కావాలని ఆయన పూనుకొన్నారు. 1930ల చివరికి అది నిలబడింది.

గురుద్వారా కట్టడం మతకార్యమే. అయితే అక్కడ జరిగినదంతా మతకార్యం కాదు. పిల్లలకు వారి వారి భాషలు నేర్పే బడి అక్కడ నడిచింది. పంజాబీ, హిందీ, ఉర్దూలతో పాటు దక్షిణాది పిల్లల కోసం తమిళం, తెలుగు చెప్పించారు. సిక్కుల ప్రార్థనాస్థలంలో తెలుగు అక్షరాలు దిద్దించిన విషయం మన తెలుగు చరిత్రకారుల దృష్టికి తగినంతగా రాలేదు. 2011 జనాభా లెక్కల నాటికి ఈ దీవులలో సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగు. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం తీరాల నుండి స్వాతంత్ర్యానంతరం వచ్చినవారే వారిలో ఎక్కువ. వారు రాకముందే ఇక్కడ వారి భాషకు ఒక పంజాబీ డాక్టరు చాప పరిచాడు. సాహిత్య గోష్ఠులు కూడా ఆయన నిర్వహించారు. గోష్ఠిలో పద్యం చదవడానికి వచ్చిన గుమస్తా, పిల్లవాణ్ణి బడి నుండి తీసుకుపోవడానికి వచ్చిన మాజీ ఖైదీ ఒకే వరండాలో నిలబడి మాట్లాడుకొన్నారంటే, ఆ శిక్షా స్థావరంలో అది చిన్న సంగతి కాదు. రాజకీయాలు నిషేధింపబడిన చోట ప్రజాజీవితం ఇట్లాగే మొదలవుతుంది.

అదే కాలంలో సెల్యులార్ జైలులో రాజకీయ ఖైదీలు 1933లోను, 1937లోను నిరాహారదీక్షలు సాగించారు. మొదటి దీక్షలో ముగ్గురు మరణించారు. కాకినాడ బాంబు కేసులో శిక్షపడిన మన ప్రతివాది భయంకరాచారి కూడా ఆ జైలును చూసినవారే. రెండవ దీక్ష తరువాత 1938 ప్రారంభానికల్లా రాజకీయ ఖైదీలందరినీ ప్రధాన భూభాగానికి తరలించారు. జైలు గోడ లోపలి పోరాటం దేశమంతటా వినిపించింది. గోడ బయట జరిగిన నెమ్మదైన పని ఎవరికీ వినిపించలేదు. ఆ సంవత్సరమే, 1938లో, దీవాన్ సింగ్ కవితాసంపుటి ‘వగ్దే పాణీ’ వెలువడింది. ప్రవహించే నీళ్లు అని దాని అర్థం. పంజాబీలో వచన కవిత్వానికి దారి తీసిన తొలి పుస్తకాలలో దానిని లెక్కిస్తారు. ఆగని జీవనప్రవాహం, నిలిచిపోతే కుళ్లిపోయే నీరు దానిలోని ప్రధాన భావన. అనిత్యతను ధ్యానించే మన పాఠకులకు అది పరిచయమైన చూపే.

ఇక అసలు పరీక్ష 1942లో వచ్చింది. ఆ ఏడు మార్చి 23న జపాన్ సైన్యం పోర్ట్ బ్లెయిర్‌లో దిగింది. బ్రిటిష్ వారు అప్పటికే చాలావరకు ఖాళీ చేసి వెళ్లారు. ప్రతిఘటన లేకుండానే దీవి వారి చేతికి వచ్చింది. మొదట కొందరు ఆనందించారు, తెల్లదొరల పీడ పోయిందని. ఆ సంబరం కొద్దిరోజులే. ఇళ్లలో చొరబడి కోళ్లను పట్టుకుపోతున్న సైనికులపై జుల్ఫికార్ అలీ అనే యువకుడు గాలితుపాకి పేల్చాడు. ఎవరికీ ప్రాణాపాయం కలుగలేదు. అయినా అతనిని పట్టి, హింసించి, జనం చూస్తుండగా కాల్చి చంపారు. పాలన ఏ రీతిగా ఉండబోతున్నదో పట్టణానికి తెలిసిపోయింది.

కొత్త పాలకులకు స్థానికులతో మాట్లాడే ఒక సంస్థ కావలసి వచ్చింది. శాంతి సంఘాన్ని ఏర్పరచి దానికి డాక్టర్ దీవాన్ సింగ్‌ను పెద్దగా నిలిపారు. భారత స్వాతంత్ర్య లీగ్ స్థానిక శాఖకు కూడా ఆయనే నాయకుడయ్యారు. ఆయన జీవితంలో తీర్పు చెప్పడానికి కష్టమైన ఘట్టం ఇదే. ఆక్రమించిన సైన్యం ఇచ్చిన పదవిని స్వీకరించడం తప్పు కాదా? దూరంగా ఉండి చేతులు శుభ్రంగా ఉంచుకొన్నవారిని కూడా చరిత్ర చూసింది. నా అభిప్రాయంలో, దీవి విడిచి పోవడానికి వీలులేని వేలాది జనం ఉన్నప్పుడు, వారికీ తుపాకికీ నడుమ నిలబడే మనిషి ఒకరు అవసరం. అదే 1942 జూలైలో అంబేద్కర్ వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో కార్మిక సభ్యుడిగా చేరారు. ఆయననూ బ్రిటిష్ వారి మనిషి అన్నారు. ఆ కుర్చీలో కూర్చొని కార్మికుల కోసం ఆయన ఏమి చేశారో మన పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు. రెండు సందర్భాలకూ పోలిక కొంతవరకే. ఢిల్లీలో కుర్చీ పోతే రాజీనామా ఉంటుంది, పోర్ట్ బ్లెయిర్‌లో ప్రాణమే పోతుంది.

సంఘం పెద్దగా డాక్టరు చేసిన పని చాలావరకు విన్నపాలు చేయడం. పట్టుబడినవారిని విడిపించమని, బలవంతపు చాకిరి తగ్గించమని, తిండిగింజల విషయంలో జనం గోడు వినమని అధికారుల వద్దకు పోయేవారు. కొన్ని విన్నారు, అనేకం వినలేదు. విన్నపానికీ నిరాకరణకూ మధ్య గీత స్త్రీల విషయంలో వచ్చింది. సైనికుల భోగం కోసం స్త్రీలను సమకూర్చాలని కోరినప్పుడు ఆయన అంగీకరించలేదు. సైన్యం ఇతర దేశాల నుండి తెచ్చిన స్త్రీలను ఉంచడానికి గురుద్వారాను ఇమ్మన్నప్పుడు అదీ కుదరదన్నారని ఆయన జీవితచరిత్రలు చెబుతాయి. దీవి స్త్రీలను కాపాడటమే కాక, ఎక్కడి నుండో ఈడ్చుకొని వచ్చిన కొరియా స్త్రీల పట్ల జరిగే దారుణానికి తన చేతులతో కట్టిన భవనాన్ని అప్పగించలేదన్నది నాకు ముఖ్యంగా కనిపిస్తుంది. పాలకులు ఆయనకిచ్చిన పదవి తమ ఆజ్ఞలను జనానికి చేరవేయడానికి. ఆయన దానిని తిరగవేసి, జనం మాటను పాలకులకు చేర్చడానికి వాడారు.

ఇంతలో సైన్యానికి గూఢచారుల భయం పట్టుకొన్నది. 1943 జనవరి నుండి బ్రిటిష్ వారు జలాంతర్గామి ద్వారా రహస్య దళాలను అండమాన్ అడవులలో దింపసాగారు. బ్రిటిష్ అధికారి మెకార్థీ నాయకత్వాన దిగిన దళం అటువంటిదే. దాని జాడ జపాన్ వారికి దొరకలేదు. ఓడలపై మాత్రం దాడులు జరుగుతున్నాయి. సమాచారం ఎవరో పంపుతున్నారని తేల్చుకొని, ఆ నేరాన్ని స్థానికులపై మోపారు. పోలీసు అధికారి నారాయణరావు మొదలైనవారిని తొలి గూఢచర్య కేసులో చంపారు. తరువాత వంతు లీగ్ సభ్యులది. 1943 అక్టోబరు 23న దీవాన్ సింగ్‌ను నిర్బంధించి సెల్యులార్ జైలులో పెట్టారు. నేరం ఒప్పుకొమ్మని 80 రోజులకు పైగా చిత్రహింసలు పెట్టారు. ఆ హింసల వివరాలు గ్రంథాలలో ఉన్నాయి, ఇక్కడ రాయను. ఆయన ఒప్పుకోలేదు.

ఆ రోజులలోనే, డిసెంబరు 29న, నేతాజీ సుభాష్ చంద్ర బోస్ పోర్ట్ బ్లెయిర్ వచ్చారు. 30న జింఖానా మైదానంలో త్రివర్ణ పతాకం ఎగురవేశారు. దీవులు ఆజాద్ హింద్ ప్రభుత్వానికి చెందినట్లు ప్రకటన జరిగింది, కొత్త పేర్లు కూడా పెట్టారు. నేతాజీని సెల్యులార్ జైలుకు తీసుకుపోయి చూపించారు కూడా. లీగ్ స్థానిక నాయకుడు ఆ జైలులోనే గాయాలతో పడి ఉన్నాడు. ఆ సంగతి నేతాజీకి తెలియనీయలేదు. చుట్టూ సైన్యం కాపలా ఉండి, స్థానికులెవరినీ ఒంటరిగా కలవనీయని పర్యటన అది. జెండా ఎగిరినంత మాత్రాన అధికారం చేతికి రాలేదు. తరువాత ఆజాద్ హింద్ తరఫున వచ్చిన లోగనాథన్‌కు జపాన్ వారు అసలుగా అప్పగించినది విద్యాశాఖ ఒక్కటే.

1944 జనవరి 14న దీవాన్ సింగ్ మరణించారు. పదహారు రోజుల తరువాత, జనవరి 30న, హంఫ్రీగంజ్‌లో 44 మందిని గూఢచారులన్న ఆరోపణపై కాల్చి చంపారు. యుద్ధం ముగిసే ముందు, 1945 ఆగస్టులో, వందలమందిని పడవలలో తీసుకుపోయి హావ్‌లాక్ దీవి దగ్గర సముద్రంలోకి తోశారు. బతికి బయటపడినవారు వేళ్లమీద లెక్కించదగినంతమందే. ఆ అక్టోబరులో అదే జింఖానా మైదానంలో జపాన్ సైన్యం లొంగిపోయింది.

నేడు ఈ దీవులలో 1994 నిబంధనల కింద గ్రామ పంచాయతీలు, పురపాలక మండలి ఉన్నాయి. పంచాయతీ పరిధిలోని ప్రతి ఓటరూ గ్రామసభలో సభ్యుడే. పద్దులు అడగవచ్చు, పనులు ఎందుకు ఆగాయో నిలదీయవచ్చు. 2005 నాటి సమాచార హక్కు చట్టంతో కార్యాలయపు కాగితాన్ని చేతిలోకి తెప్పించుకోవచ్చు. దీవాన్ సింగ్‌కు వీటిలో ఒక్కటీ లేదు. గ్రామసభకు ఎప్పుడైనా వెళ్లారా అని తరగతిలో అడిగితే నాకు కనిపించే చేతులు రెండో మూడో. వారిలోనూ ఒకరు టెంటు వేయడానికి వెళ్లినవారు.

పోర్ట్ బ్లెయిర్‌లో ఆయన కట్టించిన గురుద్వారా ఇప్పుడు ఆయన పేరిటే ఉన్నది. చండీగఢ్ సమీపాన సిస్వాఁలో ఆయన స్మారక మ్యూజియం వెలిసింది. సెల్యులార్ జైలు చూడటానికి వచ్చే యాత్రికులకు సావర్కర్ గది తెలుస్తుంది, ఈ డాక్టరు సంగతి చెప్పేవారు అరుదు. ఆయన మిగిల్చిపోయిన కవితలు ‘అంతిమ్ లహిరాం’ పేరిట 1962లో, ఆయన మరణించిన పద్దెనిమిదేళ్లకు, పుస్తకంగా వచ్చాయి. తెలుగులోకి అవి ఇంకా రావలసి ఉన్నది.