పాత వ్యానుకు కొత్త బాడీ... అదే చైతన్య రథం!

లారీ కొన్న రైతుకు తెలుసు, ఛాసిస్ ఒకరిది, బాడీ మరొకరిది. కంపెనీ నుంచి వచ్చిన ఛాసిస్‌పై మనకు కావలసిన తీరున బాడీ కట్టిస్తాం. విజయవాడ ఆటోనగర్‌లో జరిగే పనే అది. పూర్వం రాజులూ కార్లు అలాగే చేయించుకున్నారు. హైదరాబాదు నిజాం కోసం 1912లో తయారైన రోల్స్ రాయిస్ కారుకు లండన్‌లోని బార్కర్ కంపెనీ సింహాసనం అమర్చి మరీ బాడీ కట్టింది. ఆ కారు బయట తిరిగింది మాత్రం చాలా తక్కువ.

మన రాష్ట్రంలో బాడీ మార్చుకున్న మరో పాత బండి ఉంది. అది రాజభవనంలో నిలబడలేదు. ఊరూరా తిరిగి దుమ్ము కొట్టుకుపోయింది. అదే నందమూరి తారక రామారావు చైతన్య రథం.

రామారావు 1923 మే 28న కృష్ణా జిల్లా నిమ్మకూరులో రైతు కుటుంబంలో జన్మించారు. విజయవాడలో చదువుకునే రోజుల్లో హోటళ్ళకు పాలు పోశారు. గుంటూరు ఆంధ్ర క్రైస్తవ కళాశాలలో బి.ఏ. పూర్తి చేశారు. 1947లో గుంటూరు జిల్లాలోనే సబ్ రిజిస్ట్రారు ఉద్యోగంలో చేరి, మూడు వారాలకే వదలి మద్రాసు రైలెక్కారు. 1949లో 'మనదేశం' చిత్రంలో తొలిసారి కనిపించారు. తెనాలి ఐతానగర్‌కు చెందిన చక్రపాణి, నాగిరెడ్డితో కలిసి నడిపిన విజయా సంస్థ ఆయన దశ తిప్పింది. ఆ సంస్థ తీసిన 'పాతాళభైరవి' (1951), 'మాయాబజార్' (1957) చిత్రాలతో పల్లెల్లో ఆయన పేరు తెలియని ఇల్లు లేకపోయింది.

1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెన దివిసీమను ఊడ్చిపెట్టింది. రేపల్లె, బాపట్ల ప్రాంతాలనూ ఆ తుపాను దెబ్బతీసింది. వేలాది మంది అసువులు బాశారు. అప్పుడు రామారావు, అక్కినేని నాగేశ్వరరావు బాధితుల కోసం జోలె పట్టి ఊరూరా విరాళాలు సేకరించారు.

1982 మార్చి 29న రామారావు తెలుగుదేశం పార్టీని ప్రకటించారు. ఐదేళ్ళలో రాష్ట్రం నలుగురు ముఖ్యమంత్రులను చూసిన కాలం అది. పార్టీకి పేరుంది గాని ఊళ్ళలో శాఖలు లేవు. ఎన్నికలకు తొమ్మిది నెలలే గడువు. అప్పట్లో పెద్ద నాయకులు పట్టణాల్లో సభ పెడితే పల్లె ప్రజలు బళ్ళు కట్టుకుని వెళ్ళి వినవలసి వచ్చేది. పల్లెలో సభ పెట్టాలంటే పందిరి వేయాలి, వేదిక కట్టాలి, మైకు తేవాలి. ఒక్కొక్కచోట కరెంటే ఉండదు.

ఈ చిక్కుకు విరుగుడుగా ఒక పాత షెవర్లే వ్యానును తీసుకుని మార్పులు చేయించారు. టాపుపై నిలబడి మాట్లాడేందుకు వీలు కల్పించారు. మైకు, లౌడ్‌స్పీకర్లు బిగించారు. బండి ఆగిన చోటే సభ. కాలువ గట్టయినా సరే, రచ్చబండయినా సరే, వేదిక బండితోనే వస్తుంది. కుమారుడు హరికృష్ణ స్టీరింగు పట్టారు. ఖాకీ దుస్తుల్లో రామారావు టాపెక్కి మాట్లాడేవారు. ప్రయాణం, విశ్రాంతి ఆ బండిలోనే. రోడ్డు పక్కనే స్నానం, అక్కడే భోజనం. ఆయన రాక ఆలస్యమైనా జనం అర్ధరాత్రి దాకా దారుల వెంట కాచుకుని ఉండేవారు. స్త్రీలు హారతులు పట్టేవారు.

1983 జనవరి ఎన్నికల్లో తెలుగుదేశం రెండు వందలకు పైగా స్థానాలు గెలిచింది. జనవరి 9న రామారావు ముఖ్యమంత్రి అయ్యారు. కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. 1984లో కరణాలు, మునసబుల వ్యవస్థ రద్దయింది. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. తాలూకా కచేరీ పనికి తెనాలికో, రేపల్లెకో, బాపట్లకో వెళ్ళే రైతుకు ఆఫీసు దగ్గరయింది.

అయితే గండం కూడా ఈ ప్రాంతం వైపు నుంచే వచ్చింది. తెనాలి, రేపల్లెల నడుమ ఉన్న వేమూరు నుంచి 1983లో గెలిచిన నాదెండ్ల భాస్కరరావు 1984 ఆగస్టు 16న ముఖ్యమంత్రి అయ్యారు. రామారావు అమెరికాలో గుండె ఆపరేషన్ చేయించుకుని అప్పుడే తిరిగి వచ్చారు. ఆరోగ్యం సహకరించకపోయినా ఆయన ఇంట్లో కూర్చోలేదు. మళ్ళీ జనంలోకి వెళ్ళారు. నెల తిరిగేసరికి, సెప్టెంబరు 16న పదవి తిరిగి దక్కింది.

ఆ తర్వాత 1989లో ఓడారు, 1994లో గెలిచారు. 1995లో సొంత పార్టీలోనే అధికారం చేజారింది. 1996 జనవరి 18న హైదరాబాదులో కన్నుమూశారు. నాడు రథం నడిపిన హరికృష్ణ 2018 ఆగస్టు 29న, తానే కారు నడుపుతూ నల్గొండ జిల్లాలో జరిగిన ప్రమాదంలో మరణించారు.

1990లో అద్వానీ సోమనాథ్ నుంచి రథయాత్రకు బయలుదేరింది కూడా రథంగా మార్చిన వాహనంలోనే. నేడు ఎన్నికలు వస్తే ప్రతి నాయకుడికీ ఒక ప్రచార రథం సిద్ధమవుతోంది. వాటి బాడీలు ఖరీదైనవి, లోపల చల్లదనం, అద్దాలు మూసి ఉంటాయి. రామారావు బండి పాతది. అయినా అది కాలువ గట్ల మీద ఆగింది, ఊరి మధ్య నిలిచింది. పల్లె ప్రజలు నాయకుడి వద్దకు వెళ్ళవలసిన పని లేకుండా నాయకుడే వారి గుమ్మంలోకి రావచ్చునని చూపింది. బాడీ ఎవరైనా కట్టించవచ్చు. ఆ బండి ఎక్కడ ఆగుతుందన్నదే పల్లెవాసి చూసుకోవలసిన సంగతి.