కాటన్ లెక్కలు, కూలి పద్దు

గోదావరి డెల్టాలో ఏ ఊరికి పోయినా ఆర్థర్ కాటన్ విగ్రహం కనబడుతుంది. మే 15న, ఆయన పుట్టినరోజున, రైతులు దండలు వేస్తారు. వెయ్యనివ్వండి, అందులో తప్పేమీ లేదు. అయితే దండ వేసి ఊరుకుంటే ఆయన దగ్గర నేర్చుకోవలసింది నేర్చుకోం, అడగవలసింది అడగం.

కాటన్ 1803లో ఇంగ్లండులో పుట్టాడు. 1821లో ఈస్టిండియా కంపెనీ ఇంజనీరుగా మద్రాసు వచ్చాడు. తంజావూరు ప్రాంతంలో పనిచేస్తూ కావేరి మీద చోళుల నాటి కల్లణైని పరిశీలించాడు. ఇసుక మీద కూడా ఆనకట్ట నిలుస్తుందన్న పాఠం ఆయనకు అక్కడే దొరికింది. ఈ దేశపు పనివాళ్ళ చేతి విద్య అది. ఆ ధైర్యంతోనే 1836లో కొల్లిడం ఆనకట్టల పని ఎత్తుకున్నాడు.

అప్పట్లో గోదావరి ప్రాంతం ఏ స్థితిలో ఉంది? 1832-33 డొక్కల కరువు జనాన్ని తుడిచిపెట్టింది. 1839 తుఫాను కోరంగిని ముంచింది. 1821లో రాజమండ్రి జిల్లా జనాభా 7 లక్షల 38 వేలు. ఇరవై ఏళ్ళు తిరిగేసరికి అది 5 లక్షల 61 వేలకు పడిపోయింది. జనం చస్తే కంపెనీకి శిస్తు రాదు. పాలకులకు కదలిక వచ్చింది అందుకే.

కాటన్ ముందు డబ్బు అడగలేదు, ముందు నదిని కొలిచాడు. ధవళేశ్వరం దగ్గర గోదావరి నాలుగు మైళ్ళ వెడల్పు. కాని మధ్యలో లంకలున్నాయి. వాటిని వాడుకుంటే ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు ముక్కలుగా కడితే చాలు, కట్టవలసింది రెండుంపావు మైళ్ళే. రాతికి పక్కనే కొండ ఉంది. ఇదంతా చూసుకున్నాకే అంచనా వేశాడు: ఆనకట్టకు సుమారు 4 లక్షల 75 వేల రూపాయలు, కాలువలతో సహా మొత్తం పథకానికి సుమారు 12 లక్షలు. 1846 చివర మంజూరు వచ్చింది, 1847లో పని మొదలైంది.

అనుభవం ఉన్న ఇంజనీర్లను ఇమ్మంటే పై వాళ్ళు ఇచ్చింది కొద్దిమందిని, అదీ పని నేర్చుకోవలసిన కుర్రవాళ్ళను. ఏ ప్రమాదం ఎక్కణ్ణుంచి వస్తుందో ముందే ఎంచుకున్నాడు. ఇసుక జారకుండా పునాది బావులు దించారు, దిగువన రాయి పోశారు. వరదలొచ్చే లోపల ఏ ముక్క ఎంతవరకు లేవాలో చూసుకుంటూ నడిపారు. మధ్యలో కాటన్ ఆరోగ్యం చెడి సెలవు మీద పోవలసి వచ్చింది. ఓర్ అనే ఇంజనీరు పని అందుకున్నాడు. వీణెం వీరన్న కూలీలను సమకూర్చి పని సాగించాడు. ఖర్చు అంచనా దాటింది, అయినా 1852కు ఆనకట్ట నిలబడింది.

రాయి కొట్టినవాళ్ళు, మట్టి మోసినవాళ్ళు, సున్నం నూరినవాళ్ళు వేలాది మంది. వాళ్ళ పేరు ఏ విగ్రహం కింద ఉంది? నీరొచ్చింది, మెరక పల్లం అయింది, శిస్తు పెరిగింది, భూమి విలువ పెరిగింది. భూమి లేనివాడికి మాత్రం భూమి రాలేదు. అంచనాలో రాయికి పద్దు ఉంది, సున్నానికి పద్దు ఉంది. కట్టిన చెయ్యికి రోజు కూలి ఒక్కటే పద్దు.

కాటన్ ఆలోచనే మరొకటి చూడండి. తుంగభద్ర మీద సుంకేసుల నుంచి కర్నూలు-కడప కాలువ. ఆ పనిని లండన్ వాటాదార్ల కంపెనీకి అప్పగించారు. పది లక్షల పౌన్ల పెట్టుబడికి 5 శాతం వడ్డీ ఖాయమని ప్రభుత్వం పూచీ ఇచ్చింది. పని బాగున్నా పాడైనా వాటాదారుకు వడ్డీ ముడుతుంది. మరి ఖర్చు అదుపులో పెట్టేదెవరు? పెట్టుబడి అయిపోయింది, కాలువ ఇంకా మిగిలింది. జొన్న, పత్తి పండే నల్లరేగడి రైతు నీటి తీరువా కట్టి నీరు తీసుకుంటాడని వేసిన లెక్క కూడా తప్పింది. చివరికి 1882లో ప్రభుత్వమే దాన్ని కొనుక్కుంది. లాభం లండన్‌ది, నష్టం ఇక్కడి శిస్తుదారుది.

కాటన్‌కు 1861లో సర్ బిరుదు వచ్చింది. 1878లో ఆయన బ్రిటిష్ పార్లమెంటు కమిటీ ముందు నిలబడి, రైళ్ళ కన్నా కాలువలే ఈ దేశానికి అక్కరని వాదించాడు. 1899లో 96 ఏళ్ళ వయసులో చనిపోయాడు. కరువు చూసి కదిలిన మనిషి, సందేహం లేదు. కాని ఆయన పనిచేసిన కొలువు కంపెనీది.

మన ఊరి కాలువకు పూడిక తీసే పని వచ్చినా లెక్క ఇదే. అంచనా ఎంత? కొలతలు ఎవరు తీశారు? మస్టరు ఎవరి దగ్గరుంది? వానలకు ముందు ఎంత పని కావాలి? గట్టు తెగితే నష్టం ఎవరు భరిస్తారు? ఈ అయిదూ పని మొదలు కాకముందే, పదిమందీ కలిసి, ఊరి మధ్యన అడగాలి. పని అయ్యాక అడిగితే మిగిలేది పూడికే.