తెనాలి కవిరాజు గారు రాసిన ఉత్తరం



సెలవలకి రేపల్లె వైపు వెళ్లేవాళ్లు తెనాలిలో రైలు మారతారు. బాపట్ల వైపు వెళ్లేవాళ్లకి తెనాలి దారిలోనే తగులుతుంది. ఆ తెనాలిలో ఉండి పేరు తెచ్చుకున్న ఒక పెద్దాయన జీవితం ఈసారి గోడపత్రికలో రాస్తున్నాను. ఆయన పేరు త్రిపురనేని రామస్వామి చౌదరి. జనం కవిరాజు అని పిలిచేవారు.

ఆయన 1887 జనవరి 15న కృష్ణా జిల్లా అంగలూరులో రైతు కుటుంబంలో పుట్టారు. మెట్రిక్ పాసయ్యేసరికి ఆయనకి ఇరవై దాటాయి. మనలో ఒక క్లాసు తప్పితే బడి మానేద్దామనుకునేవాళ్లు ఈ మాట గుర్తుపెట్టుకోవాలి. తరవాత బందరు నోబుల్ కాలేజీలో చదివారు. 1914లో లా చదవడానికి ఓడెక్కి ఐర్లండ్ దేశంలోని డబ్లిన్ వెళ్లారు.

అప్పుడు ఐర్లండ్ కూడా మన దేశం లాగే ఇంగ్లీషువాళ్ల కింద ఉంది. ఆయన వెళ్లేముందు ఏడాది, 1913లో, డబ్లిన్‌లో సుమారు ఇరవై వేల మంది కూలీలు సంఘంలో చేరినందుకు పనులు పోగొట్టుకుని నెలల తరబడి పస్తులున్నారు. అక్కడ ఆడవాళ్లు ఓటు కావాలని ఊరేగింపులు చేసి జైళ్లకి కూడా పోయారు. అలా జైలుకి పోయినావిడే మార్గరెట్ కజిన్స్. ఆవిడ 1915లో మన మదనపల్లె వచ్చేశారు. చూడండి, మన తెలుగాయన డబ్లిన్లో ఉంటే డబ్లిన్ ఆవిడ మన తెలుగుదేశంలో ఉంది!

రామస్వామి గారు అక్కడ చదువు ఒక్కటే చూసుకోలేదు. డబ్లిన్ నుంచి బందరులో అచ్చయ్యే కృష్ణాపత్రికకి రాసి పంపారు. అనిబిసెంటు గారు మొదలుపెట్టిన హోంరూలు ఉద్యమానికి తెలుగువాళ్లందరూ సాయం చెయ్యాలని అందులో కోరారు. పరాయిదేశంలో చదువుకునే కుర్రాడికి ఇంగ్లీషు ప్రభుత్వం మీద అలా రాయడం చిన్న పని కాదు.

ఇంతకీ అనిబిసెంటు ఎవరంటే, 1888లో లండన్‌లో అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో పనిచేసే ఆడపిల్లల కష్టం గురించి ఒక చిన్న పత్రికలో రాసినావిడ. అక్కడ చిన్న తప్పుకే జీతం కోసేవారు. భాస్వరం వల్ల దవడ ఎముక కుళ్లిపోయేది. ఆవిడ రాసింది అబద్ధమని కాగితం మీద సంతకం పెట్టమని యజమానులు ఆ పిల్లల్ని అడిగారు. వాళ్లు పెట్టలేదు. సుమారు 1,400 మంది పనిమానేసి బయటికొచ్చి, గెలిచి, సంఘం పెట్టుకున్నారు. ఆ అనిబిసెంటే 1917లో మద్రాసు అడయారులో మార్గరెట్ కజిన్స్ వాళ్లతో కలిసి పెట్టిన భారత మహిళా సంఘానికి మొదటి అధ్యక్షురాలు. ఆ ఏడే సరోజినీనాయుడు గారిని ముందుపెట్టుకుని ఆడవాళ్లు వెళ్లి మంత్రి మాంటేగుని ఓటు అడిగారు. 1921లో మద్రాసు శాసనమండలి ఒప్పుకుంది. కాని ఆస్తి ఉన్నవాళ్లకీ పన్ను కట్టేవాళ్లకే ఓటు. పూరిపాకలో ఉండే కూలిమనిషికి, ఆడయినా మగయినా, రాలేదు.

రామస్వామి గారు 1917లో తిరిగొచ్చారు. తరవాత తెనాలిలో స్థిరపడి ప్లీడరీ చేశారు. ఇంటికి సూతాశ్రమం అని పేరు పెట్టుకున్నారు. కులం ఎక్కువ తక్కువల మీద పుస్తకాలు రాశారు. అందులో శంబుకవధ నాటకం 1920లో వచ్చింది. తపస్సు చేశాడని శూద్రుడైన శంబుకుణ్ణి రాముడు చంపిన కథని ఆయన శంబుకుడి వైపు నుంచి చూసి రాశారు. చాలామంది తిట్టారు. అయినా ఆపలేదు.

పెళ్లి మంత్రాలు సంస్కృతంలో ఉంటే పెళ్లికూతురికి తాను ఏం ఒప్పుకుంటోందో తెలీదు కదా అని, తెలుగులో వివాహవిధి రాశారు. తానే పురోహితుడుగా కూర్చుని పెళ్లిళ్లు చేయించారు. వితంతువులకి మళ్లీ పెళ్లిళ్లు జరగాలన్నారు. తెనాలి మునిసిపల్ ఛైర్మన్‌గా ఉన్నప్పుడు గంగమ్మ జాతరలో జంతుబలి ఆపించారు. దాంతో పదవి పోయింది, మళ్లీ గెలిచారు. మన ఊళ్లలో ఇప్పటికీ కోడిని కోస్తాం కాబట్టి మనలో కొందరికి ఈ పని నచ్చకపోవచ్చు. కాని పదవి పోతుందని భయపడలేదు, అది ఒప్పుకోవాలి. 1943 జనవరి 16న చనిపోయారు. అసమర్థుని జీవయాత్ర రాసిన గోపీచంద్ ఆయన కొడుకే.

ఇక్కడ మన సంగతి ఒకటి చెప్పాలి. ఆ కాలంలోనే బాపట్ల దగ్గర స్టూవర్టుపురంలో ఎరుకల వాళ్లని సెటిల్‌మెంటులో పెట్టారు. పుట్టుకతోనే నేరస్తులని చట్టం. రోజూ హాజరు వేయించుకోవాలి, చీటీ లేకుండా పొలిమేర దాటకూడదు. అది నాటకంలోది కాదు, మన తాతల సంగతి. ఆ చట్టం దేశమంతటా 1952లో పోయింది. ఆస్తి, చదువు అడక్కుండా ఆడామగా అందరికీ ఓటు వచ్చిన మొదటి ఎన్నికలు కూడా 1951–52లోనే జరిగాయి. మన నాయనమ్మలు, అమ్మమ్మలు ఓటేసింది అప్పటినుంచే.

శంబుకుడికి దొరకనిది మనకి దొరికింది. మనకి చదువొచ్చు. మా పేటలో నాట్లకి పోయిన ఆడకూలీలకి మగవాళ్లకన్నా తక్కువ ఇస్తారు. మా అమ్మకి అది తెలుసు, కాని అర్జీ రాయడం రాదు, వేలిముద్రే. పోయిన సంక్రాంతి సెలవల్లో నేను అర్జీ రాస్తే పదకొండు మంది వేలిముద్రలు వేశారు. జవాబు ఇంకా రాలేదు. మళ్లీ రాస్తాను. మీరు కూడా ఈ సెలవల్లో మీ పేటలో ఒక్కళ్లకైనా ఒక్క అర్జీ రాసిపెట్టండి. అర్జీ ఎలా మొదలుపెట్టాలో, ఎవరికి పంపాలో ఒక ఆదివారం మాకు నేర్పమని వార్డెన్ గార్లని కోరుతున్నాను.

1987లో ప్రభుత్వం కవిరాజు గారి బొమ్మతో తపాలాబిళ్ల వేసింది. ఉత్తరం రాసిన మనిషి ఉత్తరం మీదికే ఎక్కారు.